రెండడుగుల ఏడంగుళాలు

నూజెండ్ల,
ఫిబ్రవరి 12, 2025.

శ్రీదివ్యకి అబిదా దువా.

మీరు నలుగురూ జీపులో వచ్చి పోయి మూడు వారాలయింది. నువ్వు మా అబ్బాయి షఫీక్‌తో కలిసి చదివి, కలిసి పనిచేసినదానివి. ఫోన్ చెయ్యొచ్చు గదా అంటది మా అమ్మాయి సనా. ఫోన్లో వాడి పేరు రాంగానే నేను ఫోన్ పక్కన పెట్టేస్తా, అవతల నువ్వు హలో హలో అంటా ఉంటావు. కాయితం అయితే నా కోసం ఆగుద్ది. నేను చదివింది అయిదో తరగతి. సనా తప్పులు దిద్దుతానంది. మీ అన్న నా చీటీలు దిద్దకుండానే చదువుకున్నాడు, ఆ పిల్లా చదువుకుంటది, పక్కకు పో అన్నా.

ఆ రోజు నువ్వు రెండు ముద్దలు తిని లేచావు. అది నా మనసులో ఉంది.

మీ పని నాకు తెలీదనుకోవాకు. పోయిన ఏడు చలికాలమంతా వాడు మా ఇంట్లో ఉండే గదా నల్లమల వైపు కొలతలు తీసింది. ఏందిరా ఈ డబ్బా అంటే, అమ్మీ, భూమి మనల్ని కిందికి లాగుద్ది గదా, ఏ చోట ఎంత లాగుద్దో ఇది చెప్పుద్ది, కింద బరువు రాయి ఉంటే కాస్త ఎక్కువ, తేలిక రాయి ఉంటే కాస్త తక్కువ అన్నాడు. మరి కొండలెందుకురా అంటే నేను కుట్టిన బొంత తెచ్చి నేల మీద పరిచాడు. ఇటు నన్ను నెట్టమన్నాడు, అటు వాడు నెట్టాడు. బొంత మడతలు మడతలుగా లేచింది. నల్లమల ఇట్టా లేచిందే అన్నాడు. ఇంకా గట్టిగా నెట్టేసరికి ఒకచోట కుట్లు పుటుక్కున తెగి ఒక పొర ఇంకో పొర మీదికెక్కింది. ఇదిగో అమ్మీ, నేను వెతికేది ఈ తెగిన చోటే, మట్టి కింద దాక్కుని ఉంది, కంటికి కనపడదు, డబ్బాకి కనపడుద్ది అన్నాడు. ఆ బొంత మళ్ళీ కుట్టుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ తెగిన గీత దొరికిందని సంక్రాంతి తర్వాత ఒకరోజు ఎగురుకుంటా వచ్చాడు. మ్యాపులో ఆ గీత వస్తదని చెప్పాడు. అక్టోబరులో వానలో బండి జారి వాడు పోయేదాకా అదే మాట. ఆ మ్యాపు ఎప్పుడొస్తదమ్మా? ఒకటి నాకు పంపు.

డబ్బా పెట్టుకోడానికి వాడు ఎర్ర రంగుతో గుర్తేసుకున్న నాపరాయిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటన్నా. అక్టోబరుకి వాడు పోయి ఏడాది, సాలీనా వస్తది. ఆ రోజు ఆ రాయిని తీసుకుపోయి ఖబరస్తాన్‌లో వాడి తల దగ్గర నిలబెట్టాలని ఉంది. ఏ పేరూ చెక్కించను. వాడి చేత్తో వాడేసిన గుర్తు చాలు.

అబిదా

హైదరాబాద్,
మార్చి 5, 2025.

ఆంటీ గారికి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మేము తరగతిలో ఏడాది పాటు నేర్చుకున్నది మీ బొంతలో ఉంది.

మ్యాపు పని జరుగుతోంది. ఇంకా కొన్ని సరిచూసుకోవాలి. షఫీక్ నోట్‌బుక్కులు ఇంకేమైనా ఇంట్లో ఉన్నాయా? చిన్నవైనా సరే. ఒక సంగతి గుర్తు చేసుకుని చెప్పండి. అతను పొద్దున బయల్దేరేటప్పుడే కాకుండా, సాయంత్రం తిరిగొచ్చాక కూడా ఆ రాయి మీద డబ్బా పెట్టి రీడింగ్ తీసేవాడా? రోజూనా?

ఆరోగ్యం జాగ్రత్త. సనాని అడిగానని చెప్పండి.

శ్రీదివ్య

నూజెండ్ల,
మార్చి 14, 2025.

శ్రీదివ్యమ్మకి దువా.

రోజూనా అని అడుగుతావా? నన్నడుగు, చెప్తా. పొద్దున ఒకసారి, వీలైతే మధ్యాహ్నం, సాయంత్రం తప్పనిసరి. డబ్బా కూడా మనిషిలాగే అలిసిపోద్ది అమ్మీ, పొద్దున చెప్పిన చోటే సాయంత్రం ఇంకో మాట చెప్పుద్ది, ఎంత అలిసిందో తెలిస్తే మధ్యలో చెప్పినవన్నీ సరిచెయ్యొచ్చు అనేవాడు.

ఒకరోజు మా ఆడబిడ్డ ఫర్జానా పిల్లాపాపలతో వచ్చింది. బిర్యానీ దించాను. వీడు జీపు దిగాడు, ఆకలితో మొహం వాడిపోయి ఉంది. రారా, వేడిగా ఉంది అంటే, వస్తన్నా అని ఆ రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరూ నడవబాకండి, డబ్బా కదులుద్ది అన్నాడు. ఇంటెడు మందిమీ ఎక్కడోళ్ళం అక్కడ నిలబడిపోయాం. ఫర్జానా చేతిలో గరిటె, దాని మొగుడి నోట్లో ముద్ద. "ఏందే వదినా, నీ కొడుకు మమ్మల్ని బొమ్మల్ని చేశాడు" అని అది నవ్వుద్ది, నవ్వినా కదులుద్దేమోనని చెంగు నోట్లో కుక్కుకుంది. రీడింగ్ రాసుకున్నాకే లోపలికొచ్చాడు. బిర్యానీ చల్లారిపోయింది. చల్లారిందే తిన్నాడు.

అట్టాంటోడు ఒక్క పూట కూడా తప్పించి ఉండడు. నోట్‌బుక్కులన్నీ మీవాళ్ళే అప్పుడే పట్టుకుపోయారు. ఇంక లేవు.

ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది తక్కువ, మింగింది ఎక్కువ. నేను బిడ్డని భూమిలో పెట్టినదాన్ని. నాకు మెల్లగా చెప్పాల్సిన సంగతులేమీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. రంజాన్ రోజా ఉండి అడుగుతన్నా.

అబిదా

హైదరాబాద్,
ఏప్రిల్ 2, 2025.

ఆంటీ గారికి.

పండగ వెళ్ళేదాకా ఆగాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

షఫీక్ మీ ఇంటి దగ్గర మొదలుపెట్టి పడమర కొండల దాకా ముప్ఫై ఒక్క చోట్ల కొలతలు తీశాడు. ఇరవై మూడో చోటు దగ్గర లాగుడు ఒక్కసారిగా మారింది. పగులు అక్కడుందని అతను రాశాడు. తర్వాత మేము జనవరిలో వచ్చి, అదే రాయి దగ్గర మొదలుపెట్టి తూర్పు వైపు ఇరవై రెండు చోట్లు చేశాం. రెండు వరసలూ కలిపితే అతుకు దగ్గర మెట్టులా తేడా కనిపించింది. సరిచూసుకోవడానికని జనవరిలోనే షఫీక్ చోట్లు ఓ ఆరింట్లో మేమూ కొలిచి ఉన్నాం. ఆరింట్లోనూ మాకు అతని కన్నా ఎక్కువొచ్చింది. లాగుడుని మేము కొలిచే లెక్కలో సుమారు పాయింటు ఇరవై నాలుగు మిల్లీగాల్. వినడానికి ఇంతే గానీ, మా పనిలో అది పెద్ద తప్పు.

మా పెద్ద సారు ప్రభాకరరావు గారు, రాయి ఉన్న చోటు ఎత్తు షఫీక్ తప్పుగా రాసుకున్నాడని అంటున్నారు. ఆ డబ్బాకి ఎత్తుతో చాలా పట్టింపు. అదే చోట ఒక అడుగు పైకెత్తి పెడితే చాలు, లాగుడు తగ్గినట్టు చూపిస్తుంది. మొదటి చోటే తప్పయితే దాని మీద నిలబడ్డ ముప్ఫై ఒక్కటీ నమ్మలేమని ఆయన మాట. మళ్ళీ తీద్దామంటే అడవి శాఖ అనుమతి గడువు అయిపోయింది. అందుకని మే ఇరవైన అచ్చుకి వెళ్ళే మ్యాపులో నూజెండ్లకి పడమర భాగం ఖాళీగా వదిలేస్తున్నారు. ఆ పగులు గీత ఉండదు. షఫీక్ పేరూ ఉండదు.

నేను వాదించాను. నా దగ్గర రుజువు లేదు. క్షమించండి.

శ్రీదివ్య

నూజెండ్ల,
ఏప్రిల్ 11, 2025.

శ్రీదివ్యా,

మీ సారుకి చెప్పు. నా కొడుకు ఏడో తరగతిలో లెక్క తప్పొస్తే అన్నం మానేసినోడు. వాళ్ళ నాయన కరీముల్లా ట్రాక్టర్లు బాగుచేస్తాడు, బోల్టు ఒక్క చుట్టు తక్కువ తిరిగినా మళ్ళీ విప్పే మనిషి, ఆ నెత్తురే వీడిది. ఎత్తు తప్పు రాశాడంట ఎత్తు! ఏసీ గదిలో కూర్చుని చనిపోయినోడి మీద తప్పు నెట్టడం చానా తేలిక, వాడు లేచొచ్చి కాదనడు గదా. వాళ్ళమ్మ కాదంటది. అడుగు ఎత్తు పెరిగితే తేడా వస్తదంట, వాడు ఆ రాయి మీద తప్ప ఇంకెక్కడ పెట్టాడు, రాయి

ఇక్కడిదాకా రాసి ఆపేశా. రెండు రోజులయింది. ఇయ్యాల పదమూడు.

శ్రీదివ్యా, తప్పు నాది.

ఆ రాయి మా గుమ్మం ముందు వీధిలో, కింది మెట్టుగా ఉండేది. వాడు పోయిన రెండు నెలలకి వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. వీధి ఎత్తు చేస్తారు, మెట్లు మునుగుతాయి అన్నారు. వాడి ఎర్ర గుర్తు సిమెంటు కిందికి పోద్దంటే నాకు ప్రాణం ఆగలేదు. మా ఇంటాయన ట్రాక్టరు జాకీ పెట్టి రాయి లేపాడు. పైన వసారాలో, గోడ వారగా పరిపించాను. సిమెంటుతో అతుకులు కూడా పూయించాను, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుండాలని.

మీరొచ్చిన రోజు నువ్వడిగావు, ఈ రాయి షఫీక్ కొలిచినప్పుడు ఇక్కడే ఉందా ఆంటీ అని. ఉంది అన్నా. అబద్ధం చెప్పా. కదిలించానంటే వాడి గుర్తు చెడగొట్టావంటారని భయం. వాడు పెట్టింది రాయి మీదే గదా, రాయి అదే, గుర్తు అదే, ఎక్కడుంటే ఏంది అనుకున్నా. మీరు డబ్బా పెట్టి రాసుకుంటంటే పక్కన నిలబడి మురిసిపోయా కూడా.

కళ్ళలో పెట్టుకున్నానన్నానే, అదే చేత్తో వాడి ముప్ఫై ఒక్క చోట్లూ చెడగొట్టా. ఈ మాట ఇంటాయనకి చెప్పా. షెడ్డులోకి పోయి ఆ జాకీ తుడిచి పెట్టాడు. తర్వాత "జాకీ పెట్టింది నేను గదా, ఇద్దరిదీ" అన్నాడు.

మీ సారుకి ఈ కాయితమే చూపించు. సిగ్గుపడను.

అబిదా

హైదరాబాద్,
ఏప్రిల్ 24, 2025.

అమ్మీకి,

షఫీక్ పిలిచినట్టే పిలుస్తున్నాను, కోప్పడకండి.

మీ ఉత్తరం చదివి ల్యాబ్‌లో గట్టిగా అరిచాను. పక్క గదివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. రాయి పైకెక్కితే అక్కడ లాగుడు తక్కువ చూపిస్తుంది, మిగతావన్నీ దాంతో పోల్చే రాస్తాం కాబట్టి మా కొత్త కొలతలే అన్నిచోట్లా ఎక్కువ రావాలి. సరిగ్గా అలాగే వచ్చాయి. తప్పు మీ ఒక్కరిదీ కాదు. బేస్ ఎత్తు, అంటే ఆ మొదటి రాయి ఎత్తు, నేను మళ్ళీ కొలవాల్సింది. కొలవలేదు. మీ మాట నమ్మి జీపెక్కేశాను. సారుకి ఈ ముక్క కూడా చెప్పాను, గట్టిగానే తిట్లు పడ్డాయి.

అయితే సారు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన అన్న మాట అలాగే రాస్తాను: "ఎంత పైకెక్కింది? ఒకడుగా, రెండా, మూడా? అసలు చోటు సిమెంటు కింద ఉంది. కొడుకు కోసం తల్లి జ్ఞాపకం ఎంత కావాలంటే అంత చెప్తుంది. కొలత కావాలి." నాకు కోపమొచ్చింది. కానీ షఫీక్ అయినా ఇదే అడిగేవాడు. కదూ?

మ్యాపుకి మే ఇరవై గడువు. రాయి ఉన్న అసలు చోటు ఏ మట్టంలో ఉండేదో తేల్చే గుర్తేదైనా ఉందా? పాత ఫోటో, గోడ మీద గీత, ఏదైనా?

శ్రీదివ్య

నూజెండ్ల,
మే 4, 2025.

శ్రీదివ్యా,

మీ సారు సరిగ్గానే అడిగాడు. నాకు కోపం లేదు. జ్ఞాపకం వద్దు, కొలతే ఇస్తా.

మొన్న పొద్దున మా ఇంటాయన సమ్మెట తెచ్చాడు. గుమ్మం ముందు సిమెంటు ఒక మంచమంత మేర పగలగొట్టడం మొదలెట్టాం. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో ప్రెసిడెంటు రామబ్రహ్మం బండి మీద వచ్చి ఆగాడు.

"ఏమ్మా అబిదా, ఎండ గట్టిగా ఉందా? పంచాయతీ రోడ్డు పగలగొడతన్నారేంది?"

"మీ రోడ్డు కింద నా కొడుకు లెక్క ఉందన్నా. తీసుకుంటన్నా."

"లెక్కేందమ్మా? ఏం లెక్క?"

"భూమి ఎంత లాగుద్దో ఆ లెక్క."

ఆయన కరీముల్లా మొహం చూశాడు, నాకు మతి పోయిందేమోనని. అప్పుడు సనా అంతా చెప్పింది, కొండలు, బొంత, డబ్బా, మీ సారు మాట, అన్నీ. రామబ్రహ్మం బండి దిగాడు. "అంటే మా రోడ్డు వల్ల షఫీక్ తప్పు చేసినోడు అయ్యాడన్నమాట" అన్నాడు. "రోడ్డు వల్ల కాదన్నా, నా వల్ల" అన్నా. కాసేపు గడ్డం గోక్కుని, "సమ్మెటతో కొడితే కింది మట్టం కూడా చెదురుద్ది గదయ్యా కరీముల్లా, ఆ మాత్రం తెలీదా, మెకానిక్కువి" అని ఫోన్ చేసి కోసే మిషన్ తెప్పించాడు. ఆయన రోడ్డుని ఆయనే కోయించాడు చూడు.

పెచ్చు లేపితే కింద కంకర, కంకర కింద ఇసక. చేత్తో తీశా నేనే, ఎవర్నీ దిగనివ్వలా. ఇసక కింద తగిలింది. ఆ రాయి పరిచినప్పుడు వేసిన సున్నం పరుపు. రాయి అడుగున ఉన్న గరుకు మొత్తం ఆ సున్నంలో అచ్చు పడి ఉంది, రొట్టె మీద పెనం మచ్చల్లాగా. ఒక మూలకి రాయి విరిగి ఉండేది, ఆ విరుగు కూడా అచ్చులో ఉంది. గోడకి రాయి పై అంచు ఆనిన చోట సున్నం గీత కూడా ఉంది. చెయ్యి పెట్టి చూశా. చల్లగా ఉంది.

వసారాలో రాయి పైమట్టం నుంచి ఈ గీత దాకా మా ఇంటాయన నీళ్ళ పైపుతో మట్టం చూసి టేపు పట్టాడు. సనా ఒకసారి చూసింది, రామబ్రహ్మం కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చూశాడు, నేనొకసారి చూశా. రెండడుగుల ఏడంగుళాలు. కాయితం మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. నాదీ పెట్టాను గానీ, నాది లెక్కలోకి తీసుకోవద్దు, నేను తల్లిని. ఫోటోలు సనా పంపుద్ది.

ఇంకోటి. ఫోటోలు కూడా నమ్మమని నేను చెప్పను. మీ డబ్బా తీసుకుని రండి. గోతిలో పెట్టండి, పైన రాయి మీద పెట్టండి. అబద్ధం నేనాడతానేమో గానీ అదాడదు గదా.

గోతికి అడ్డంగా మంచం వేశాం. వీధిలో వాళ్ళంతా చుట్టూ తిరిగి పోతన్నారు. 

అబిదా

హైదరాబాద్,
మే 16, 2025.

అమ్మీ,

మొన్న మేము డబ్బాతో వచ్చినప్పుడు మీ ఇంటి దగ్గర జరిగింది మీరు చూశారు. తర్వాత జీపులో జరిగింది రాస్తాను.

వినుకొండ దాటేదాకా ప్రభాకరరావు సారు కాగితం మీద లెక్క వేస్తూనే ఉన్నారు. రెండడుగుల ఏడంగుళాలకి రావలసిన తేడా పాయింటు ఇరవై నాలుగు. డబ్బా గోతిలో ఆ గీత మట్టాన చెప్పినదానికీ, వసారాలో చెప్పినదానికీ తేడా పాయింటు ఇరవై నాలుగు. ఆరు చోట్ల మాకు ఎక్కువొచ్చిందీ అంతే. షఫీక్ పుస్తకంలో రాసుకున్న రాయి ఎత్తుకీ, మేము ఆ రోజు గోతిలో ఆ గీత దగ్గర కొలిచిన ఎత్తుకీ మధ్య ఒక వేలు మందం కూడా తేడా లేదు. సారు పెన్ను మూసి, "ఈ కుర్రాడి దగ్గర నేను క్షమాపణ చెప్పుకోవాల్సింది" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగాను.

మా ఇరవై రెండు చోట్లే సరిచేశాం అమ్మీ. షఫీక్ ముప్ఫై ఒక్కటీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అతుకు దగ్గర మెట్టు పోయింది. పగులు గీత ఇరవై మూడో చోటు మీదుగా కొండల వారగా నల్లగా, ఎక్కడా తెగకుండా సాగింది. మ్యాపు కింద మొదటి పేరు షేక్ షఫీక్.

ఒకటి అడగాలి. అడగడానికి మనసు రావడం లేదు. ఆ చోటు ఇక ముందు కూడా బేస్‌గా కావాలంటున్నారు సారు. వచ్చే ఏళ్ళలో ఎవరు ఈ కొండలు కొలిచినా అక్కడే మొదలుపెట్టొచ్చు. కానీ ఆ రాయిని మీరు ఎక్కడికి తీసుకెళ్ళాలనుకున్నారో నాకు తెలుసు. వద్దంటే వద్దు. వేరే రాయి వేసుకుంటాం.

మీ శ్రీదివ్య

నూజెండ్ల,
అక్టోబరు 20, 2025.

శ్రీదివ్యకి అమ్మీ దువా.

ఇన్నాళ్ళు రాయలేదని ఏమీ అనుకోవాకు. సాలీనా అయ్యాక రాద్దామని ఆగా.

మీ సారు సంగతి నువ్వు జీపులోది రాశావు, నేను గోతిలోది చెప్తా. మీరు వైర్లు సర్దుకుంటన్నప్పుడు ఆయన గోతిలోకి దిగి, ఆ సున్నం అచ్చు మీద నాలాగే చెయ్యి పెట్టి చూశాడు. నేను చూడలేదనుకున్నాడు. ఆ పూటే ఆయన మీద నాకు మిగిలిన గుర్రు కూడా పోయింది.

మ్యాపు వచ్చింది. మా ఇంటాయన షెడ్డులో తగిలించాడు. ట్రాక్టరు బాగుచేయించుకోడానికి వచ్చిన ప్రతి రైతుకీ ఆ నల్ల గీత చూపించి, కింద బరువు రాయి తేలిక రాయి మీదికెక్కిందయ్యా అని చెప్తన్నాడు. బొంత కావాలని నన్నడిగాడు. మళ్ళీ చింపుతాడని ఇవ్వలేదు.

సాలీనా రోజు ఖబరస్తాన్‌కి పోయాం. రాయి తీసుకుపోలేదు. అంతకు రెండు నెలల ముందే దాన్ని జాకీతోనే దించి, ఆ సున్నం పరుపు మీద, విరుగుకి విరుగు సరిపోయేటట్టు కూర్చోబెట్టాం. ఎర్ర గుర్తు అప్పుడెటు తిరిగి ఉండేదో అటే ఉంది. రామబ్రహ్మం చుట్టూ ఇటుకలు కట్టించి, నీళ్ళ మీటరుకి ఉండేటట్టు పైన ఇనప మూత పెట్టించాడు. వాడి తల దగ్గర మట్టే ఉంది. నీళ్ళు చల్లి, గోరింట కొమ్మ నాటి వచ్చా. ఏడాదంతా ఆ రాయి అక్కడ లేకపోతే ఎట్టా అనుకున్నా. అక్కడ నిలబడ్డాక ఏమీ తక్కువనిపించలేదు.

రోజూ పొద్దున మూత తీసి దుమ్ము తుడుస్తన్నా. రాయి మాత్రం కదిలించను, భయపడబాకు. ఫర్జానా మొన్నొచ్చి, ఏందే వదినా, కాలు కూడా పెట్టనివ్వవా అంది. పెట్టబాకు అన్నా.

చలికాలం ఉత్తరం వైపు కొలవడానికి వస్తామని సనాకి ఫోన్లో చెప్పావంట. ఏ రోజో ముందు చెప్పు. సాయంత్రం జీపు దిగంగానే ఆకలిగా ఉందని లోపలికి రాబాకు. ముందు డబ్బా దించి రాయి మీద రీడింగ్ తీసుకో. మేము కదలకుండా నిలబడతాం. బిర్యానీ నేను దించను, పొయ్యి మీదే ఉంచుతా. ఈసారి చల్లారదు.

మీ అమ్మీ,
అబిదా